వేలంలో దొంగపాట - కొనేవారి బాధ్యత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము తరగతి గదిలో ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియాలలో చదువుతున్నారు గనుక ఈసారి తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు కోరినారు. మా తెలుగులో దోషాలుంటే పెద్దలు మన్నించగలరని మనవి.

చదువు గురించి చెబుతామని మీరు అనుకొని ఉంటారు. కాని రెండు సంఘటనలు మమ్మల్ని చాలాకాలంగా నిద్రపోనివ్వడం లేదు. ఫోనులో, కంప్యూటరులో జరిగే వేలంపాటలలో మోసపు ప్రకటన ఒకటి మన కంట పడిందనుకోండి. మనం కొనడానికి వెళ్ళినవాళ్ళమే తప్ప పోలీసులం కాము. అప్పుడు చూసీచూడనట్టు పోవాలా? లేక జోక్యం చేసుకోవాలా? చేసుకుంటే ఎంతవరకు? ఇదే నేటి మా ప్రసంగ విషయం.

వేలం మనకు కొత్తేమీ కాదు. మార్కెట్ యార్డులో సరుకు వేలం, చింతచెట్ల ఫలసాయం వేలం, చీటీ పాట, ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్ళమే. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కేక వేసి హెచ్చు పాట పాడినవాడికి కొట్టేస్తారు. అక్కడే ఓ మూల నిలబడి, కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాడే మనిషిని కూడా మీరు చూసే ఉంటారు. అమ్మేవాడే వాడిని తెచ్చి నిలబెడతాడు. జనం దాన్నే దొంగపాట అంటారు.

మన ధర్మం వేలాన్ని కాదనలేదు. పేద అన్సారీ ఒకాయన ఇంటిలో ఉన్న గుడ్డనూ, గిన్నెనూ దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేసి, ఒకరు ఒక దిర్హం అంటే, ఎక్కువ ఇచ్చేవారున్నారా అని అడిగి, రెండు దిర్హములకు అమ్మిన ఉదంతం హదీసులలో ఉన్నది. ఒక దిర్హంతో ఇంటికి తిండి గింజలు, రెండవదానితో గొడ్డలి కొనిపించి, కట్టెలు కొట్టుకొని బతకమని పంపినారు. అదే ప్రవక్త దొంగపాటను నిషేధించినారు. దానికి అరబ్బీలో నజ్ష్ అని పేరు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ నిషేధం ఉన్నది. కొనే ఉద్దేశం లేకుండా ఇంకొకరిని మోసపుచ్చడానికి ధర పెంచడమే నజ్ష్ అని పండితులు వివరించినారు.

మన దేశ చట్టమూ ఇదే మాట అంటుంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో 64వ సెక్షను వేలానికి సంబంధించినది. అమ్మేవాడు ధర పెంచడానికి దొంగపాట వాడితే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉన్నది. అంటే శరీఅతు, చట్టం రెండూ ఇక్కడ ఒక్కచోటనే నిలబడినాయి.

ఇక కంప్యూటరు వేలం. అమెరికాలో 1995లో ఈబే అనే సంస్థ మొదలైంది. అంతకుముందు వేలంలో పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఇక్కడ మొహం లేదు, మారుపేరు ఒక్కటే ఉంది. ఒకడే పది పేర్లు పెట్టుకోవచ్చు. 2000 సంవత్సరం మే నెలలో ఒక న్యాయవాది పావు డాలరు మొదటి పాటతో ఓ పాత చిత్రాన్ని వేలానికి పెట్టినాడు. దానిమీద ఉన్న పొడి అక్షరాలు చూసి, ఇది పేరుమోసిన చిత్రకారుడు డీబెన్‌కార్న్ గీసినదేమోనని జనం ఎగబడి, పాట ఒక లక్షా 35 వేల డాలర్లు దాటింది. తీరా చూస్తే అమ్మేవాడే మారుపేరుతో తన సరుకుకు తానే పాట పాడినట్లు బయటపడింది. సంస్థ అమ్మకాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడు అతడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

ఇటువంటివి చూసి కొందరు కొనుగోలుదారులు తామే రంగంలోకి దిగినారు. మోసపు ప్రకటన కనబడితే, దానిమీద ఎవరూ కొనలేనంత పెద్ద పాట పాడి, గెలిచి, డబ్బు కట్టకుండా వదిలేయడం ఒక పద్ధతి. పాడుతున్నవాళ్ళకు విడివిడిగా ఉత్తరాలు రాసి హెచ్చరించడం రెండవది. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కాని ఈబే రెండింటినీ తప్పుగానే లెక్కించింది. కొనే ఉద్దేశం లేని పాటను నిషేధించింది. హెచ్చరిక ఉత్తరాన్ని లావాదేవీలో జోక్యమన్నది. తర్వాత పాటదారుల పేర్లు కూడా ఇతరులకు కనిపించకుండా దాచివేసింది. ఎందుకంటే, పాటలో ఓడిపోయినవాళ్ళకు దొంగలు కూడా ఉత్తరాలు రాసేవారు. గెలిచినవాడు తప్పుకున్నాడు, సరుకు నీకే ఇస్తాం, డబ్బు పంపు అని. మంచివాడు హెచ్చరించడానికి వెళ్ళే దారి, దొంగ వల వేయడానికి వచ్చే దారి ఒక్కటే అయిపోయింది. ఉత్తరం అందుకున్నవాడికి ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మా మొదటి సంఘటన. మా దగ్గర చదివిన కుర్రవాడు ఒకడు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. పాత నాణేలంటే ప్రాణం. 2016లో ఒక వేలం సైటులో నిజాం కాలపు చార్మినార్ రూపాయి ఒకటి చూశాడు. అదే ఫోటో నెల క్రితం కూడా చూసిన గుర్తు. ఇది దొంగ ప్రకటన అని తీర్మానించుకొని, ఇంకెవరూ బలికాకూడదని ఇరవై వేలకు పాడి, గెలిచి, డబ్బు కట్టలేదు. మాతో గొప్పగా చెప్పినాడు కూడా. మేము వీపు తట్టి శభాష్ అన్నాము. అది మా తప్పు.

పదిహేను రోజుల తర్వాత సంగతి తెలిసింది. అమ్మినది నిజామాబాదు వైపు ఒక ముసలాయన. నాణెం అసలుదే. మొదటిసారి కొన్నవాడు డబ్బు కట్టకపోతే అదే ఫోటోతో రెండోసారి పెట్టించుకున్నాడు. ఇంట్లో మనిషికి మందుల ఖర్చు కోసం అమ్ముకుంటున్నాడు. అప్పటికి సరైన ధర పాడినవాళ్ళు ఇద్దరున్నారు. మనవాడి పాట చూసి వాళ్ళు వెళ్ళిపోయినారు. ముసలాయన ఫోను చేసి తిట్టలేదు. "బాబూ, కొనకపోతే పోయావు, ఎందుకు పాడినావు?" అని మాత్రం అడిగాడట. కుర్రవాడు మా ఇంటికి వచ్చి తల దించుకొని కూర్చున్నాడు. సైటువాళ్ళు వాడి ఖాతా మూసేశారు. అది చిన్న శిక్ష. పెద్ద శిక్ష ఆ ప్రశ్న.

మంచి ఉద్దేశంతో పాడితే నజ్ష్ అవుతుందా అని మీరు అడగవచ్చు. ఫత్వా ఇవ్వడానికి మేము ఆలిములం కాము. సరుకు దాని న్యాయమైన ధరకు చేరేవరకు పెంచితే, అమ్మేవాడికి నష్టం తప్పించినందుకు పుణ్యమే అన్న అభిప్రాయం మాలికీ పండితుడు ఇబ్నుల్ అరబీది. దానినీ పండితులందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా, అది సరుకు కళ్ళెదుట ఉండి, దాని విలువ తెలిసిన బజారు మాట. మనం ఫోటో చూసి, అనుమానపడి, తీర్పు చెప్పి, శిక్ష కూడా మనమే వేయడం వేరు. పైగా పాట పెరిగితే చూసేవాళ్ళకు సరుకుమీద నమ్మకం పెరుగుతుంది. దొంగ ప్రకటన అయితే మన పాట వాడికి ఉచిత ప్రచారం. దొరగారి ప్రకటన అయితే మన పాట ఆయనకు దెబ్బ. ఏ విధంగా చూసినా దొంగపాటకు దొంగపాట మందు కాదు.

అయితే ఊరుకుందామా? ఇక్కడే రెండవ సంఘటన చెప్పాలి. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది.

2021లో మా ఫోనులో ఒక ప్రకటన వచ్చింది. 786 నంబరు ఉన్న నోటు మీ దగ్గర ఉంటే ఆన్‌లైన్ వేలంలో పెట్టి మూడు లక్షలు ఇప్పిస్తామని. మోసమని చూడగానే తెలిసింది. నవ్వుకొని పక్కకు తోసేశాము. ఆ ఏడు ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా, పాత నోట్లు, నాణేల అమ్మకాల పేరుతో మా పేరు వాడి ఫీజులు అడుగుతున్నారు, మేము ఏ కమీషనూ అడగము, ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని బహిరంగంగా హెచ్చరించింది. అది పేపరులో చదివాము. చదివి మడిచి పెట్టాము.

మా వీధిలో బట్టలు కుట్టి బతికే ఒక ఖాలా ఉన్నారు. భర్త లేడు. శుభమని ఓ 786 నోటు గుడ్డ సంచిలో దాచుకున్నారు. అదే ప్రకటన ఆమెకూ వచ్చింది. ఫోటో పంపమన్నారు. మీ నోటుకు మూడు లక్షల పాట వచ్చిందన్నారు. రిజిస్ట్రేషను ఫీజు రెండు వేల వంద. తర్వాత జీఎస్టీ అన్నారు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ అన్నారు. మొత్తం పద్దెనిమిది వేల ఆరు వందలు పోయినాయి. కుట్టు మిషనుకు మోటారు పెట్టించాలని కూడబెట్టిన డబ్బు అది. సంగతి మాకు చెప్పినప్పుడు, ఆ ప్రకటన మేమూ చూశామని నోరు జారినాము. ఆమె మావైపు చూసి, "నీకు ముందే తెలుసా బేటా? మాస్టరువి గదా, ఒక్క మాట చెప్పకపోయినావా?" అన్నారు.

ఆ ముసలాయన ప్రశ్న ఒకటి, ఈ ఖాలా ప్రశ్న ఒకటి. ఎందుకు పాడినావు? ఎందుకు చెప్పలేదు? ఈ రెండింటి మధ్యనే మన బాధ్యత ఉన్నదని మా అభిప్రాయం.

కాబట్టి మేము మనవి చేసేది ఇది. ఒకటి, పాటను ముట్టుకోవద్దు. మారుపేర్లతో వెళ్ళి దొంగను ఆటపట్టించవద్దు. వాడు జాగ్రత్తపడి ఆ ప్రకటన తీసి ఇంకో పేరుతో పెడతాడు, సాక్ష్యం మాయమవుతుంది. రెండు, ప్రకటన కనబడుతున్న తెరను ఫోటో తీసుకొని, తేదీ, చిరునామా లింకు సహా సైటువాళ్ళకు ఫిర్యాదు చేయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని వాళ్ళు నియమించి తీరాలి. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మూడు, డబ్బు పోయినవాళ్ళు సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే, అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. కంప్యూటరు సాయంతో వేరొకరిలా నటించి మోసగించడానికి ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. మీ ఇంట్లో, మీ వీధిలో చెప్పండి. ఫలానావాడు దొంగ అని పేరు పెట్టి ప్రచారం చేయమనడం లేదు. మనం పొరబడవచ్చు, నిజామాబాదు ముసలాయన ఉన్నాడు గదా. మోసం జరిగే పద్ధతిని చెప్పండి. డబ్బు రావడానికి ముందు డబ్బు కట్టమంటే అది మోసమని చెప్పండి. యూపీఐ పిన్ను డబ్బు ఇవ్వడానికే గాని తీసుకోవడానికి కాదని చెప్పండి. ఇదేమంత పెద్ద చదువు కాదు. అయినా తెలిసినవాడు నోరు మూసుకుంటే తెలియనివాడు మునుగుతాడు.

సంఘంవారికి ఒక విన్నపం. జుమా నమాజు తర్వాత ఓ గంటసేపు మన ఆఫీసులో ఇద్దరు చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టండి. అనుమానమున్న ప్రకటన ఎవరైనా చూపించుకోవచ్చు, ఫిర్యాదు రాయించుకోవచ్చు. ఆ నాణేల కుర్రవాడు మొదటి వారం నుంచే వస్తానని మాటిచ్చినాడు. మేమూ వస్తాము. ఖాలాగారికి మోటారు కోసం మా వంతు ఇచ్చాము గాని, ఆమె ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. ఆ బాకీ తీర్చుకునే అవకాశం ఇప్పించమని కోరుతున్నాము.