మూడంగుళాల పాదం



ఈ ఉపన్యాసాన్ని ఏటా ఎవరి కుటుంబం జరిపిస్తోందో ఆ మాస్టారు చరిత్ర పాఠం చెప్పేటప్పుడు రాజుల పేర్లు గబగబా దాటేసి, ఆ రాజ్యంలో ఆడవాళ్లు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు అన్నచోట ఆగేవారని ఆయన శిష్యులు చెబుతారు. ఆ మాట పట్టుకునే ఈ అంశం ఎంచుకున్నాను. ఆహ్వానపత్రంలో మాత్రం ‘ఆసియా సంస్కృతులలో స్త్రీ సౌందర్యం, వేషధారణ’ అని ఘనంగా అచ్చువేశారు. ఖండమంతా ఒక గంటలో చుట్టిరావడం నా వల్లకాదు. చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టిన ఆచారం దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను. జపాన్‌ని దారిలో పలకరిస్తాను.

1975లో చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజౌ నగరంలో ఒక సమాధి బయటపడింది. అందులో ఉన్న యువతి పేరు హువాంగ్ షెంగ్. సోంగ్ రాజవంశంలోని యువకుణ్ణి పెళ్లాడి, 1243లో, పదిహేడేళ్లకే కన్నుమూసింది. ఆమెతోపాటు వందలకొద్దీ వస్త్రాలు పెట్టి పంపారు. వాటిలో చేతుల్లేని ఒక పట్టు పైవస్త్రం బరువు 17 గ్రాములైనా లేదు. వెంకటగిరి, ఉప్పాడ నేతగాళ్లు చూస్తే కాసేపు కదలకుండా నిలబడిపోయే పనితనం అది. అదే సమాధిలో పాదరక్షలు కూడా దొరికాయి. పొడవు సుమారు 14 సెంటీమీటర్లు. పదిహేడేళ్ల మనిషివి అవి. ఆమె పాదాలకు పలుచని గుడ్డ పట్టీలు చుట్టి ఉన్నాయి. పాదాలు కట్టడానికి మనకు దొరికిన తొలి గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

కథలైతే ఇంకా వెనక్కి పోతాయి. పదో శతాబ్దంలో దక్షిణ తాంగ్ రాజు లీ యూ కొలువులో యావో న్యాంగ్ అనే నర్తకి పాదాలకు పట్టు చుట్టుకుని బంగారు తామర మీద నాట్యం చేసిందనీ, అది చూసి అంతఃపుర స్త్రీలంతా మోజుపడ్డారనీ అంటారు. అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందు మరో రాజు నేలమీద బంగారు తామరలు పరిపించి, తన ప్రియురాలిని వాటిమీద నడిపించాడని ఇంకో కథ. ఈ రెండోదాని మూలం మనవైపే ఉందని పండితులు భావిస్తారు. అడుగు పెట్టినచోటల్లా పద్మం పూసే పద్మావతి కథ బౌద్ధ గ్రంథాలతోపాటు చైనా చేరింది. మన కవులు పాదాన్ని పద్మంతో పోల్చి ఊరుకున్నారు. అక్కడ ఆ పోలికను ఎముకల మీద అమలుచేశారు.

ఎలా చేసేవారో చెప్పకుండా దాటవేస్తే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు. పిల్లకు ఐదారేళ్లు వచ్చాక, చలికాలం దగ్గరపడుతుండగా మొదలుపెట్టేవారు. చలికి నొప్పి కాస్త తెలియదని. సుజౌ ప్రాంతంలో ఎనిమిదో చాంద్రమాసం 24వ రోజున జిగురుబియ్యం ఉండలు చేసి నైవేద్యం పెట్టేవారు, పిల్ల పాదాలు ఆ ఉండల్లా మెత్తబడాలని. తర్వాత వేడినీళ్లలో పాదాలు నానబెట్టి, గోళ్లు కురచగా తీసి, వేళ్ల సందుల్లో పటిక చల్లేవారు. బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్లనూ అరికాలి కిందికి మడిచేవారు. రెండంగుళాల వెడల్పు, పదడుగుల పొడవు ఉండే గుడ్డ పట్టీతో బిగించి చుట్టి, పిల్ల విప్పుకోకుండా కొస కుట్టేసేవారు. కొన్నాళ్లకోసారి విప్పడం, కడగడం, మునుపటికంటే బిగించి కట్టడం. ఆ పాదాలతోనే పిల్లను నడిపించేవారు. ఒంటిబరువు పడితేగాని ఎముక లొంగదు. మడమ, వేళ్లు దగ్గరపడి పాదం విల్లులా వంగి నిలవడానికి రెండు మూడేళ్లు పట్టేది. ఈలోగా పుండ్లు పడేవి, కొందరికి వేళ్లు ఊడిపోయేవి, చీము ఒళ్లంతా పాకి కొందరు పిల్లలు చనిపోయేవారు. మూడు చైనా అంగుళాలు, అంటే సుమారు పది సెంటీమీటర్లు వస్తే అది ‘బంగారు తామర’. నాలుగైతే వెండిది. అంతకు మించితే ఇనుపది. ఎక్కువమంది బంగారం దాకా రాలేదు.

పట్టీ బిగించిన చేయి సాధారణంగా తల్లిది, లేదా నాయనమ్మది. ఇది వినగానే, ఆడదానికి ఆడదే శత్రువన్న మాట మన నోటి చివరికి వస్తుంది. దయచేసి దాన్ని అక్కడే ఆపండి. ఆ తల్లికీ తన పాదాలు గుర్తున్నాయి. కూతురి పాదం వదిలేస్తే కూతురికి సంబంధం రాదని కూడా తెలుసు. పెళ్లిచూపుల్లో ముఖంకంటే ముందు పాదం సంగతి అడిగే సమాజం అది. పిల్ల స్వయంగా బుటా కుట్టిన చిన్న పాదరక్షను వియ్యాలవారింటికి పంపేవారు. పాదం కొలతా, చేతి పనితనమూ, ఓర్పూ ఒక్కదాంట్లోనే తెలిసిపోయేవి. ఊళ్లో అందరూ కట్టినప్పుడు ఒక్క ఇల్లు మానుకుంటే నష్టం ఆ ఒక్క ఇంటిదే. అందువల్ల ఎవరికీ ఇష్టం లేకపోయినా ఆచారం సాగిపోవచ్చు. అందం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. మనం దాన్ని కంటికి సంబంధించిన విషయం అనుకుంటాం. చాలాచోట్ల అది సంబంధాలు కుదుర్చుకోవడంలో ఇళ్లమధ్య నడిచిన ఒప్పందం.

ఇందులో కూలి లెక్క కూడా ఉందని ఈమధ్య తేలింది. లారెల్ బోసెన్, హిల్ గేట్స్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు చైనా పల్లెల్లో సుమారు 1,800 మంది ముసలమ్మలతో మాట్లాడి 2017లో ఒక పుస్తకం వేశారు. పాదాలు కట్టింది జమీందారీ ఇళ్లలోనే అన్న నమ్మకం ఆ పుస్తకం చదివాక నిలవదు. పేదపల్లెల్లోనూ కట్టారు. కట్టిన పిల్ల వీధిలోకి పరుగెత్తదు, ఒకచోట కూర్చుంటుంది, నూలు వడుకుతుంది, నేస్తుంది, ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి. మిల్లు నూలు చవగ్గా దిగి రాట్నం పని పోయినచోట పట్టీలు కూడా సడలడం మొదలైందని వాళ్ల వాదన. పెళ్లి లెక్కను ఇది పూర్తిగా కొట్టిపారేయలేదని నా అభిప్రాయం. కానీ బజారులో నూలు ధర మారితే ఇంట్లో అందం కొలత మారుతుందన్న సంగతి మన చేనేత ఊళ్లవాళ్లకు ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

అందరూ కట్టారనీ కాదు. హక్కా సముదాయపు స్త్రీలు కట్టలేదు, పొలాల్లో మగవాళ్లతో సమానంగా పనిచేశారు. 1644లో బీజింగ్ సింహాసనం ఎక్కిన మంచూలూ కట్టలేదు. పైగా నిషేధించారు, ఎవరూ వినకపోయేసరికి 1668లో ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకున్నారు. తలముందు గొరిగి జడ వేసుకోమని మగవాళ్లను లొంగదీసిన ప్రభుత్వం ఆడపిల్లల పాదాల దగ్గర ఓడిపోయింది. తమాషా ఏమిటంటే, మంచూ స్త్రీలే అరికాలి మధ్యన ఎత్తయిన కొయ్య దిమ్మె ఉన్న పాదరక్షలు తొడిగి, తామర పాదాల ఊగే నడకను తెచ్చిపెట్టుకున్నారు.

ప్రశ్నించినవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. పదమూడో శతాబ్దంలోనే చె రూవోష్వీ అనే పండితుడు, ఏ పాపమూ ఎరుగని నాలుగైదేళ్ల పిల్లలకు ఈ బాధ దేనికని రాశాడు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన లీ రూజెన్ నవల ‘అద్దంలో పూలు’ ఇంకా గడుసుది. అందులో ఒక వ్యాపారి ఆడవాళ్లు ఏలే దేశానికి వెళతాడు. అక్కడి రాణి మనసుపడి అతణ్ణి భార్యగా చేసుకోదలుస్తుంది. చెవులు కుట్టిస్తుంది, పాదాలు కట్టిస్తుంది. మగవాడు లబోదిబోమంటాడు. తరగతిలో ఈ ఘట్టం చెబితే అబ్బాయిలు ముందు నవ్వుతారు, తర్వాత ఆగుతారు.

ఇక జపాన్. అక్కడ కులీనులు, తర్వాతి కాలంలో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లు నల్లబరుచుకునేవారు. ఇనుము ముక్కలను పులిసిన ద్రావకంలో నానబెట్టి, వగరుకాయల పొడితో కలిపి పళ్లకు పూసేవారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు తుప్పు ఇనుమును బెల్లపునీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డమీద గీసి నలుపు రప్పిస్తారే, రసాయనం అదే. ఇనుమూ వగరూ కలిస్తే కడిగినా పోని నలుపు. పళ్లు పుచ్చకుండా కూడా అది కాపాడేది. మన హైదరాబాద్ పాత ఇళ్లలో బేగమ్‌లు పళ్లకు మిస్సీ అనే నల్లపొడి పెట్టుకున్నదీ ఈ నలుపు మోజుతోనే. జపాన్ పాత కథ ఒకటుంది, గొంగళిపురుగులను పెంచుకునే రాచపిల్ల గురించి. కనుబొమలు పీకించుకోదు, పళ్లు నల్లబరుచుకోదు, చూసి చెలికత్తెలు సిగ్గుపడతారు. దాదాపు తొమ్మిది వందల ఏళ్లనాటి పిల్ల ఆమె! 1870లో జపాన్ ప్రభుత్వం కులీనులకు ఈ అలవాటు వద్దంది. 1873లో మహారాణి తెల్లని పళ్లతో బయట కనిపించింది. పెద్దిళ్లలో త్వరలోనే పోయింది, పల్లెల్లో మెల్లగా. నొప్పి లేని ఆచారం కనుక పోయేటప్పుడూ పెద్ద గాయం చేయలేదు.

చైనాలో అలా జరగలేదు. 1883లో కాంగ్ యూవెయ్ అనే సంస్కర్త తన స్వగ్రామం వైపు పాదాలు కట్టనివారి సంఘం పెట్టాడు. తన కూతుళ్ల పాదాలు కట్టనివ్వలేదు. ఇంచుమించు అదే రోజుల్లో రాజమండ్రిలో వీరేశలింగంగారు వితంతు వివాహాలు జరిపిస్తున్నారు. ఈ కాంగే తర్వాత దేశంవిడిచి తిరుగుతూ 1900ల తొలి ఏళ్లలో కొంతకాలం మన దార్జిలింగ్‌లో తలదాచుకున్నాడు, పాదాలు కట్టని ఒక కూతురు వెంట ఉండగా. 1895లో అలీసియా లిటిల్ అనే ఆంగ్ల మహిళ షాంఘైలో ‘సహజపాద’ సంఘం పెట్టింది. 1902లో రాజమాత త్సిషీ మానుకోమని ఫర్మానా ఇచ్చింది. 1912లో కొత్త గణతంత్రం నిషేధించింది.

ఫర్మానాలకంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఆ సంఘాలు చేయించిన ప్రమాణం. సభ్యులు రెండు మాటలు ఇవ్వాలి. మా కూతుళ్ల పాదాలు కట్టం. పాదాలు కట్టిన పిల్లను మా కొడుక్కి చేసుకోం. రెండో మాట లేకపోతే మొదటిది నిలబడదు. కూతురి తల్లికున్న భయాన్ని తీసేసింది కొడుకుల తల్లిదండ్రులు ఇచ్చిన ఆ మాటే. వందల ఏళ్లు రాజశాసనాలకు లొంగని ఆచారం పట్టణాల్లో ఒకటి రెండు తరాల్లోనే కూలింది.

కూలినప్పుడు ఎవరి మీద పడింది? కవయిత్రి, విప్లవకారిణి చ్యూ జిన్ తన పట్టీలు తానే విప్పుకుంది. 1907లో ఆమెకు మరణశిక్ష వేశారు. ఆమెది ఆమె ఎంపిక. షాన్షీ రాష్ట్రంలో 1917 తర్వాత యన్ షీషాన్ పాలనలో తనిఖీ అధికారులు ఇళ్లకు వచ్చి జరిమానాలు వేశారు, పట్టీలు విప్పించారు. వంగిన ఎముక పట్టీ విప్పితే నిటారు కాదు. ఆసరా పోయి ఇంకా నొప్పి పుడుతుంది. నిన్నటిదాకా ఇంటికి గౌరవంగా ఉన్న పాదం రాత్రికి రాత్రి దేశానికి అవమానమైంది. నలభై ఏళ్ల స్త్రీ అపరిచితుల ముందు పాదం చూపించి తలవంచుకోవలసి వచ్చింది. సంస్కర్తల ఆశయాన్ని నేను తప్పుపట్టను. పద్ధతిని మాత్రం ఒప్పుకోలేను. బాధపడినవాళ్లనే మళ్లీ దోషులుగా నిలబెట్టారు. 1997లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం బీజింగ్‌లో 80 ఏళ్లు దాటిన స్త్రీలను పరీక్షిస్తే 38 శాతం మందికి ఆ వంకర పాదాలున్నాయి. మామూలు పాదాలున్నవారికంటే వాళ్లు ఎక్కువగా పడిపోయేవారు, ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేనివారూ వాళ్లలోనే ఎక్కువ.

మన సంగతికొద్దాం. తెల్లదనం అమ్మిన క్రీము 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ను తీసేసింది. అదే ఏడాది పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ ఒకటి చర్మపు రంగుతో వెతికే వీలును ఎత్తేసింది. మంచిదే. కానీ మన ఆదివారం పత్రికల్లో, పెళ్లిళ్ల పేరయ్యల వాట్సాప్ గ్రూపుల్లో, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న అబ్బాయి కోసం వేసే ప్రకటనల్లో ‘తెల్లని, సన్నని, అందమైన అమ్మాయి కావలెను’ ఇంకా ఉంది. పసిబిడ్డకు నలుగు పెడుతూ రంగు గురించి బెంగపడే అమ్మమ్మను మనం తిట్టి ప్రయోజనం లేదు. ఆమె భయం ఆ ప్రకటనలోంచి వస్తోంది.

ఈ హాలులో పెళ్లీడు కొడుకులున్న తల్లిదండ్రులు చాలామందే కనిపిస్తున్నారు. మీకే నా విన్నపం. ఈసారి ప్రకటన రాసేటప్పుడు రంగు, ఒళ్లు, ఎత్తు రాసే ఆ ఒక్క వాక్యం కొట్టేయండి. మీరు కొట్టేశారని నలుగురికీ తెలిసేలా చెప్పండి.