స్వాతి నడినెత్తికి వస్తే

 

నేను ఇంజనీరుని. జీపీఎస్ లేనిదే పక్క ఊరికైనా బయల్దేరను. అందుకే ఈ కథ నన్ను వదల్లేదు.

1976లో హోకూలేఅ అనే తెరచాప పడవ హవాయి నుంచి తహితికి వెళ్లింది. సుమారు 4,000 కిలోమీటర్లు, నెల పైచిలుకు ప్రయాణం. దారి చూపడానికి దిక్సూచి లేదు, పటం లేదు. ఏ నక్షత్రం సముద్రం అంచున ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో చూసి దిక్కు పట్టారు. మబ్బు కమ్మితే అలల ఊపే ఆధారం.

హోకూలేఅ అంటే మన స్వాతి నక్షత్రమే. అది హవాయికి దాదాపు నడినెత్తిన వెళ్తుంది. దక్షిణం నుంచి వచ్చేవారికి స్వాతి నెత్తిమీదికి వచ్చిందంటే హవాయి అక్షాంశం చేరినట్టే.

అప్పుడు దారి చూపినాయన హవాయివాడు కాదు. అక్కడ ఆ విద్య దాదాపు అంతరించింది. మైక్రోనేసియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి వచ్చిన మౌ పియాయిలుగ్ ఆయన. తాత నేర్పిన విద్యను దాచుకోకుండా పరాయివాళ్లకు నేర్పాడు. 1980లో శిష్యుడు నైనోవా థాంప్సన్ తానే దారి చూసుకుంటూ తహితికి వెళ్లి తిరిగొచ్చాడు.

ఎనిమిదో తరగతిలో, వేసవి రాత్రి, ఇదే మైదానంలో మా సైన్సు మాస్టారు సప్తర్షుల తోక వంపు వెంట వేలు పోనిచ్చి స్వాతిని చూపించారు. నేను మా అబ్బాయికి ఇంతవరకూ చూపించలేదు.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. వచ్చే వేసవిలో వాణ్ని ఇక్కడికే తీసుకొస్తాను.

సెలవు.