ఇంట కట్టుకొను విద్యుత్తు బండి: బరువు తగ్గించు విధము
(మన వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు మన యువకులు కొందరు పాత కార్ల నుండి ఇంజనును తీసివైచి, విద్యుత్తు మోటారును బిగించి, పైన సూర్యఫలకములను పరచి నడుపవలెనని ఉత్సాహపడుచున్నారు. వారు మమ్ము అడుగుచున్నది సాధారణముగా ఒక్కటే: ఎంత పెద్ద మోటారు కొనవలెను, ఎన్ని బ్యాటరీలు పెట్టవలెను? మా ప్రత్యుత్తరము మరొక ప్రశ్న: మీ బండి బరువెంత? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగినవారు మాకింతవరకు కనబడలేదు. కావున నేడు బరువును గురించియే మనవి చేయదలచినాము.

ఇది మన సీమకు పరాయి విషయము కాదు. కోలారులో జన్మించిన సయ్యద్ సజ్జన్ అహమద్ గారు స్వహస్తములతో కట్టిన సూర్యశక్తి కారులో 2015లో బెంగళూరు నుండి ఢిల్లీకి రమారమి 3,000 కిలోమీటర్లు ప్రయాణము చేసిరి. 2007 వరకు మన తాలూకాలును కోలారు జిల్లాలోనివే కదా. ఆయన బండిపై నూరేసి వాట్ల ఫలకములు 5, లోపల 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలు 6, మోటారు 850 వాట్లది. ఈ చివరి అంకెను గమనింపుడు. ఇంటి మిక్సీ 500 నుండి 750 వాట్లు తీసికొనును. అంతకంటె కొంచెము మాత్రమే పెద్దదైన మోటారుతో మనిషిని ఢిల్లీకి చేర్చుట ఎట్లు సాధ్యమైనది?

ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మనవారని చెప్పుకొనుటకు మనము వెనుదీయము. ఆ పేరు చెప్పుకొనువారు కాగితముపై నాలుగు లెక్కలు వేయుటకును వెనుదీయరాదు. వేసి చూతము.

మంచి తారురోడ్డుపై చక్రములు దొర్లునప్పుడు కలుగు నిరోధము బండి మొత్తపు బరువులో రమారమి నూటికి 1.2 వంతు. మనుషులతో కలిపి 1,000 కిలోల బండికి ఇది 12 కిలోల బరువును లాగుటతో సమానము. 500 కిలోల బండికి 6 కిలోలు. గాలి అడ్డు దీనికి అదనము. అది బండి ఆకారమును, వేగమును బట్టి యుండును గాని బరువును బట్టి యుండదు. చిన్న కారుకు గంటకు 36 కిలోమీటర్ల వేగమున అది మరి 4 కిలోల లాగుడు. ఈ రెంటిని కూడి చూడగా, 850 వాట్ల శక్తి చక్రములకు పూర్తిగా అందినను, సమతలమున బరువు బండి గంటకు 23 కిలోమీటర్లు మించదు. తేలిక బండి 32 దాటును. మోటారు ఒకటే, భేదమంతయు బరువుది.

ఇక ఎండ లెక్క. 500 వాట్ల ఫలకములు మన ప్రాంతమున మంచి ఎండ దినమున రమారమి 2 యూనిట్లు ఇచ్చును. చిక్కబళ్ళాపురము నుండి బాగేపల్లికి సుమారు 40 కిలోమీటర్లు. మోటారులోను, తీగలలోను పోవు నష్టమును నూటికి 20గా కలుపుకొన్నచో, సమతలముగా ఎంచిన ఆ దూరమునకు 1,000 కిలోల బండి 2.2 యూనిట్లు కోరును. 500 కిలోల బండికి 1.4 చాలును. అనగా ఒకటి ఊరు చేరకముందే ఆనాటి ఎండను తినివేయును. రెండవది చేరి, మరునాటికి కొంత మిగుల్చుకొనును. సగము బరువు తగ్గిన సగము ఖర్చు తగ్గలేదేమని అడుగుదురేమో. గాలి తన వాటా తాను తీసికొనుట మానదు గదా!

ఎత్తు ఎక్కునప్పుడు మాత్రము బరువుకు మినహాయింపు లేదు. నందిదుర్గ సముద్రమట్టమునకు 1,478 మీటర్ల ఎత్తు. చిక్కబళ్ళాపురము 900 మీటర్లకు కొంచెము పైన. 550 మీటర్లు ఎక్కుటకు 1,000 కిలోల బండికి 1.5 యూనిట్లు కేవలము ఎత్తుటకే కావలెను. సగము బరువైన బండికి సరిగా సగము. ఎడ్లబండి తోలిన మన పెద్దలకు ఈ సంగతి గణితము లేకయే తెలియును. మిట్ట రాగానే దిగి నడిచెడివారు.

బరువు ఎక్కడ దాగియున్నది? మారుతీ 800 కారు ఖాళీగా సుమారు 650 కిలోలు. ఇంజను, రేడియేటరు, సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు తీసివేయగా నూరు కిలోలకు తక్కువ గాక పోవును. వాటి స్థానమున పెట్టు బ్యాటరీలే అసలు కథ. సీసపు బ్యాటరీ కిలో ఒక్కింటికి 30, 40 వాట్-అవర్లు మాత్రమే దాచును. సజ్జన్ అహమద్ గారి లెక్కనే 7.2 యూనిట్ల నిలువ కావలెనన్నచో సీసముతో సుమారు 200 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ జాతి బ్యాటరీతో, పెట్టెతో సహా, 70 కిలోల ప్రాంతము. అంతేగాక సీసపు బ్యాటరీని సగము కంటె ఎక్కువ ఖాళీ చేసిన త్వరలో చెడును. లిథియం జాతిదానిని నూటికి 80 వంతులు వాడుకొనవచ్చును. కావున సీసము చవుక అనువారు మోయు కిలోలను, వాడుకొను యూనిట్లను లెక్కించి మరల చెప్పవలెను. మా అభిప్రాయమున చేతిలోనున్న సొమ్మును మోటారు మీద కంటె బ్యాటరీ జాతి మీద వెచ్చించుట మేలు.

బరువులో ఒక చిత్రమున్నది. బ్యాటరీ తేలికయైన మోటారు చిన్నది చాలును. మోటారు చిన్నదైన దాని బిగింపు చట్రము, రాగితీగ సన్నగిలును. అవి సన్నగిలిన బ్యాటరీ ఇంకను తగ్గించవచ్చును. పెంచుకొనుచు పోయినను ఇదే గతి, ఎదురు దిక్కున. తీగ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: వోల్టులు రెట్టింపు చేసిన అదే శక్తికి ఆంపియర్లు సగమగును, రాగి తగ్గును. కాని 60 వోల్టులు దాటిన ఏకముఖ విద్యుత్తు ప్రాణాపాయకరము. చేయి తిరిగినవాడు దగ్గర లేక ఆ పని తలపెట్టరాదు.

ఫలకముల సంగతి. అద్దముతో చేసిన 100 వాట్ల ఫలకము 7, 8 కిలోలు తూగును. ఐదింటికి బిగింపు కమ్ములతో 40 కిలోలు, అదియు నెత్తి మీద. మలుపులలో బండి ఊగును. వంగెడి పలుచని ఫలకములు రెండు మూడు కిలోలే. అయితే వేడికి త్వరగా చెడును. ఎండ వేళ నీడ పట్టున నిలుపు అలవాటున్నవారికి ఇంటి కప్పుపై ఫలకములు పెట్టి, బండికి తీగతో విద్యుత్తు ఎక్కించుకొనుటయే యుక్తమని మా ఉద్దేశము. యువకులకిది రుచింపదని తెలియును. బండిపై ఫలకములు లేనిదే సంతలో ఎవరు తిరిగి చూతురు!

తీసివేయదగినవి పెక్కు గలవు: ఏ.సి. యంత్రము, వెనుక సీటు (ఇద్దరికే బండియైనచో), నేలకు అంటించిన తారు పొరలు. ఇక తీసివేయరానివి. మారుతీ 800 వంటి కార్లకు వేరుగా చట్రము లేదు, ఒళ్ళే చట్రము. తలుపుల క్రింది గట్టును, పైకప్పు కంబములను కోసినచో బలమంతయు పోవును. ముందరి అద్దమును ప్లాస్టిక్కుతో మార్చరాదు. సీటు బెల్టును, బ్రేకులను తాకరాదు. 2001లో బెంగళూరు నుండి వెలువడిన రేవా కారును ఇక్కడ తలపవలెను. దానిని తలపెట్టిన చేతన్ మైని గారు 1990లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రపంచ సూర్యశకట పందెమున మూడవదిగా వచ్చిన మిచిగాన్ విశ్వవిద్యాలయపు సన్‌రన్నర్ బృందములోనివారు. రేవాకు ఉక్కు కమ్ముల చట్రముపై ప్లాస్టిక్ పలకల తొడుగు. బ్రిటనులో దానిని చేర్చిన తరగతికి బ్యాటరీలు గాక 400 కిలోలు మించరాదను నియమముండెను. సీసపు బ్యాటరీలు చేరగా 650 దాటెను. 2007లో అక్కడ ఒక మోటారు పత్రిక జరిపించిన ఢీకొట్టు పరీక్షలో లోపలివారి క్షేమమును గురించి తీవ్రమైన సందేహములు కలిగినవి. తేలికదనమునకును రక్షణకును నడుమ గీత గీయుట నిపుణులకే అంత కష్టమైనప్పుడు, షెడ్డులో రంపము పట్టినవారు రెండుమారులు ఆలోచింపవలెను.

బ్యాటరీలు పెట్టు చోటును ముఖ్యమే. ఇంజను పోగా ముందు తేలికై, డిక్కీ నిండా బ్యాటరీలు పెట్టగా వెనుక క్రుంగిన బండి స్టీరింగునకు లొంగదు. సాధ్యమైనంత క్రిందుగా, రెండు ఇరుసుల నడుమ పెట్టి, బోల్టులతో గట్టిగా బిగింపవలెను. రెండు వందల కిలోల సీసము దెబ్బ తగిలినప్పుడు ఒకచోట నిలువదు.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము అనుమతి లేక బండి స్వరూపమును మార్చి రోడ్డున నడుపుట నేరము. విద్యుత్తు కిట్టు ఏ.ఐ.ఎస్. 123 ప్రమాణమున పరీక్షింపబడి ఆమోదము పొందినదై యుండవలెను, ఆర్.టి.ఓ. పుస్తకమున మార్పు నమోదు కావలెను. పెట్టుబడి పెట్టిన పిదప ఈ మాట వినుట కంటె ముందే వినుట మేలని చెప్పుచున్నాము.

ఇక ఈ వారము చేయదగిన పని. మీ బండిని, ఒక్క మేకు ఊడదీయక ముందే, సమీపమున లారీలు తూచు వేబ్రిడ్జికి తీసికొనిపొండు. ముందు చక్రములు మాత్రము ఎక్కించి ఒకమారు, వెనుక చక్రములు మాత్రము ఎక్కించి ఒకమారు తూపింపుడు. లారీల కాటా గనుక ఐదు పది కిలోల తేడా చూపవచ్చును, దానికి చింతింపవలదు. ఆ రెండు చీటీలు తెచ్చినవారితో వచ్చే సమావేశమున మోటారు ఎంపికను గురించి మాటలాడుదుము. చీటీలు లేనివారు వెనుక వరుసలో కూర్చుండి వినవచ్చును.