ట్రంకుపెట్టెలో తడిసిన వాంగ్మూలాలు

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడైపోయిన ఫ్లాపీల నుంచి, కేసెట్ల నుంచి పాత ఫైళ్లు ఎలా తీశామో చెప్పమని నన్ను పిలిచారు. నేను కంప్యూటర్ చదువుకున్నదాన్ని కాను. ముప్పై ఏళ్లుగా పోలీసు స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగినదాన్ని. ఈ పని మా నెత్తిన పడితే తప్పక నేర్చుకున్నాం. అందులో సగం చేతులు కాల్చుకునే నేర్చుకున్నాం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది కదా. మా పాత ఆఫీసు ఆ వైపే. నీళ్లు తీశాక చూస్తే ట్రంకుపెట్టె నిండా బురద. అందులో 43 ఫ్లాపీలు, రెండు డజన్ల ఆడియో కేసెట్లు, ఒక హార్డ్‌డిస్కు. 1990లలో మేం చేసిన నిజనిర్ధారణల నివేదికలు, వరకట్న హత్య కేసుల్లో తల్లులు, అక్కచెల్లెళ్లు చెప్పిన మాటలు, సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరూరా తిరిగి రాసుకున్నవి, అన్నీ అందులోనే. కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. కంప్యూటర్లో ఉన్నాయిలే అని ధీమాగా ఉన్నాం. ఆ కంప్యూటర్ని ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశామన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

మొదటి రోజు మేం చేసినవన్నీ తప్పులే. ఆరు ఫ్లాపీలు ఎండలో పెట్టాం, వంకర తిరిగిపోయాయి. హార్డ్‌డిస్కు పైకి పొడిగా కనిపించిందని మా కుర్రాడొకడు కరెంటు పెట్టాడు. టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వినగానే కరెంటు తీసెయ్యాలి. మేం పది నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాం. అందులోనివి ఇక మాకు దక్కలేదు.

మిగిలినవి ఒక రిటైరైన ఇంజనీరు గారి సలహాతో నెమ్మదిగా చేశాం. బురద ఎండిపోకముందే శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో కడగాలి. ఫ్లాపీ పైనున్న ప్లాస్టిక్ డొక్క విప్పి, లోపలి పల్చని బిళ్లను జాగ్రత్తగా తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, మరో మంచి డొక్కలో పెట్టాలి. బూజు పట్టింది ఉంటే మూతికి గుడ్డ కట్టుకోండి. ఆ బూజుతోనే డ్రైవులో పెడితే, చదివే హెడ్డుకు మురికి అంటుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఒకటి పాతసామాన్ల దుకాణంలో దొరికింది. పెట్టే ముందు ఫ్లాపీ మూల ఉన్న చిన్న బిళ్లను జరిపి రంధ్రం తెరిచి ఉంచండి. అప్పుడు దానిమీద కంప్యూటర్ ఏమీ రాయలేదు. "డిస్క్ ఫార్మాట్ అవ్వలేదు, ఫార్మాట్ చెయ్యమంటారా?" అని తెరమీద అడుగుతుంది. వద్దనండి. పనిచేసే అలవాటు కొద్దీ ఔననేస్తాం మనం.

ఇంకో మాట. ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడకండి. మొత్తం ఫ్లాపీకి ముందు ఒక నకలు తియ్యాలి. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. బాగున్న భాగాలు మొదట చదివేసి, మొండికేసిన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్తుంది. తర్వాత పనంతా ఆ నకలు మీదే.

ఈ పని మధ్యలో ఒక అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ 1996లో మా దగ్గరకొచ్చి, భర్త పెట్టిన హింసంతా రెండు గంటలు చెప్పింది. మేం రికార్డు చేశాం. తర్వాత కొన్నేళ్లకు ఆమె జబ్బుచేసి పోయింది. అప్పటికి ఈ పిల్లకు నాలుగేళ్లు. అమ్మమ్మ పెంచింది. "అమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు పెద్దమ్మా, మీ దగ్గరుందని అమ్మమ్మ చెప్పింది" అంది.

కేసెట్ దొరికింది. కడిగి, ఆరబెట్టి, టేపును కొత్త డొక్కలోకి మార్చి వేశాం. పదకొండు నిమిషాలు ఆమె గొంతు వచ్చింది. ఆ తర్వాత మా మహిళా దినోత్సవ సభ! ఎవరో చప్పట్లు కొడుతున్నారు. వరదకు దీంతో సంబంధం లేదు, ఇది మా తప్పే. కేసెట్ కొనడానికి డబ్బు లెక్కపెట్టుకునే రోజులు, ఉన్నదాని మీదే మళ్లీ రికార్డు చేశాం. కేసెట్ పై అంచున రెండు చిన్న ముక్కలుంటాయి, విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డవదు. ఆ పని చెయ్యడానికి అర నిమిషం పట్టదు.

మిగతా కథనం రాతలో మాత్రమే ఉండే అవకాశం ఉంది. అప్పట్లో డీటీపీ షాపులో టైపు చేయించి ఫ్లాపీలో పెట్టాం. ఆ ఫ్లాపీ నకలు వచ్చింది కానీ తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. చెడిపోయిందనుకుని ఏడ్చినంత పనైంది. చెడిపోలేదు. యూనికోడ్ వాడకంలోకి రాకముందు మన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకునేవి. ఆ ఫాంటు లేకపోతే అది చెత్తలాగే కనిపిస్తుంది. అప్పటి షాపులో టైపు చేసిన చెల్లెలే తెరమీద ఒక వరస చూసి "ఇది ఫలానా ఫాంటండీ" అని చెప్పేసింది! ఆ ఫాంటు వేసి ముందు చదువుకున్నాం, తర్వాత యూనికోడ్‌లోకి మార్చాం. అలాంటివి చెత్త అని పారెయ్యకండి.

రిపేరు షాపుల గురించి ఒక హెచ్చరిక. మన డిస్కుల్లో ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు, ఒంటిమీద దెబ్బల ఫోటోలు ఉంటాయి. అత్యాచార బాధితుల పేర్లు బయటపెట్టడం నేరమని 1983లోనే చట్టంలో చేర్చారు. అలాంటి డిస్కును "సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం" అని ఎక్కడో ఇచ్చి వస్తామా? మా వాళ్లలో ఇద్దరు షాపులోనే కూర్చున్నారు, పనయ్యాక అక్కడి నకలు తుడిపించి వచ్చారు. షాపువాడికి కోపం వచ్చింది, రానివ్వండి.

కోర్టు పని ఉన్నవి ఐతే అసలును పారెయ్యొద్దు. టేపులో ఉన్నది ఎవరి గొంతో గుర్తుపట్టాలని, మార్పులు జరగలేదని తేలాలని, ఎవరి స్వాధీనంలో ఉందో స్పష్టంగా ఉండాలని 1985లో రామ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ నకలు ఇస్తే సర్టిఫికెట్ జతచెయ్యాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. నకలు తీసిన రోజే దాన్ని నోటుబుక్కులో రాసుకోండి. ఎవరు తీశారు, ఏ తేదీన, ఏ ఫ్లాపీ నుంచి, అన్నీ.

మా 43 ఫ్లాపీల్లో 31 పూర్తిగా వచ్చాయి, ఆరు ముక్కలు ముక్కలుగా వచ్చాయి, ఆరు ఎండకు పోయాయి.

ఆ అమ్మాయి పదకొండు నిమిషాల టేపూ, పద్నాలుగు పేజీల రాతా తీసుకెళ్లింది. వారం తర్వాత ఫోన్ చేసి, అమ్మ మాటలు మన పత్రికలో అచ్చు వెయ్యొద్దని, సభల్లో చదవొద్దని అడిగింది. అందుకే ఇవాళ మీకు అందులోంచి ఒక్క వాక్యం కూడా చదివి వినిపించడం లేదు.