కస్తూరిబా: సాక్ష్యం ఎవరిది?

ఈ ఉపన్యాసం పెట్టించిన ధర్మనిధి ఎవరి పేరిట ఉందో ఆయన గొప్పతనం నాకంటే మీకే బాగా తెలుసు. నిధికి సొమ్మిచ్చిన ఇల్లాలు మాత్రం ఆహ్వానపత్రంలో ‘వారి ధర్మపత్ని’గానే ఉండిపోయారు. నేటి విషయం అక్కణ్ణుంచే ఎత్తుకుంటాను.

కస్తూరిబా పోర్‌బందరు బాల్యం, పసితనపు పెళ్ళి, చంపారన్ పల్లెలు, రాజకోట నిర్బంధం పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, వదిలేద్దాం. నా తగవు ఒక్కటే. యుద్ధకాలంలో దేశాన్ని కదిలించిన నాయకుడి భార్యను మన చరిత్రకారులు సహనమూర్తి అని దండం పెట్టి పక్కన కూర్చోబెట్టారు. ఆధారం గాంధీ ఆత్మకథట. అది 1920 నాగపూరు కాంగ్రెసుతో ఆగిపోతుంది. 1942 నాటి మనిషిని అందులో వెతకడం పాత పంచాంగంలో ఈ ఏటి ఏకాదశి చూడటమే.

అసలు చిక్కు 1913 దగ్గరుంది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని ఆ మార్చిలో దక్షిణాఫ్రికా న్యాయమూర్తి సెర్ల్ తీర్పు చెప్పాడు. సెప్టెంబరులో సత్యాగ్రహానికి కదిలిన పదహారు మందిలో కస్తూరిబా ఒకరు. మూడు నెలల కఠిన శిక్ష పడింది. ఆమెను కదిలించిందెవరు? 1923లో యెరవాడ జైల్లో మొదలుపెట్టిన ‘దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహం’లో గాంధీ ఏమంటాడంటే, తాను ఇతర స్త్రీలతో మాట్లాడుతుండగా ఆమే విని, జైలుకు నేనెందుకు పనికిరానని అడిగిందని. ఫీనిక్స్ ఆశ్రమవాసి రావ్జీభాయి పటేల్ కథనం వేరు: వంటింట్లో గాంధీయే, ఇక నువ్వు చట్టప్రకారం నా భార్యవు కావని ఆమెను రెచ్చగొట్టాడు. ఒత్తిడి చేయలేదనడం గాంధీకి అనుకూలమైన మాట కాబట్టి రావ్జీభాయినే నమ్మాలని కొందరంటారు. సరే, నమ్ముదాం. ఆ కథనంలోనూ ఆమె వెంటనే తల ఊపలేదు. జైల్లో నాకు పళ్ళివ్వకపోతే ఎలా అంది. ఉపవాసముండమన్నాడు. చావడానికి దారి చూపిస్తున్నారన్నమాట అని ఎత్తిపొడిచి, ఆపైన ఒప్పుకుంది. వంటింటి లెక్కలన్నీ తేల్చుకుని కదిలిన మనిషిని అనుగామిని అనడం ఏ న్యాయం?

ఇక 1942కు వద్దాం. ఆ ఆగస్టు 9 తెల్లవారుజామున గాంధీని పట్టుకుపోయినప్పుడు, కావాలంటే ఆమె కూడా రావచ్చన్నారు. ఆమె ఆగిపోయింది, సాయంత్రం శివాజీ పార్కు సభలో తానే మాట్లాడతానంది. అదీ భర్త సలహాయే కదా అనేది గట్టి ఆక్షేపణే. సలహా ఆయనదే. కానీ సర్కారు భయపడింది ఆ సలహాకు కాదు. 73 ఏళ్ళ ముసలామెను నోరు విప్పకముందే అరెస్టు చేసింది. అదుపులోకి తీసుకున్న నాయకుడి స్థానంలో ఎవరు నిలబడగలరో వాళ్ళకు తెలిసిందే మనవాళ్ళకు తెలియలేదు.

1944 ఫిబ్రవరి 22న ఆగాఖాన్ ప్యాలెస్‌లో, ఖైదీగానే కన్నుమూసింది. స్మారక నిధికి 75 లక్షలు అడిగితే కోటికి పైగా వచ్చింది. గ్రామాల స్త్రీలకూ పిల్లలకూ ఖర్చుపెట్టాల్సిన ఆ నిధి ట్రస్టుకు, ఆంధ్రలో మన గోదావరి ఒడ్డు సీతానగరం కేంద్రమైంది. ఇక నా ప్రస్తుత పని: అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల నుంచి స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళిన స్త్రీల పట్టిక. ‘ఫలానావారి భార్య’గా గుర్తున్నవాళ్ళను వాళ్ళ పేర్లతో రాయాలి. మీ అటకల మీది ట్రంకుపెట్టెల్లో రాయవేలూరు జైలునుంచి వచ్చిన కార్డు ముక్క ఉన్నా చూపించండి. అక్కడే కూర్చుని రాసుకుని, మీ చేతికే తిరిగిస్తాను.