దీపాలదిన్నె రాళ్లు – సున్నపు బట్టీ తూకం

అమరావతిలో కృష్ణానది దక్షిణపుటొడ్డున వెలసిన బౌద్ధ మహాచైత్యానికి తొడిగిన శిల్పఫలకాలు పలనాటి సున్నపురాయివి. ఆ రాతిని కాలిస్తే సున్నమవుతుంది. కాలక్రమంలో దిబ్బగా మారి, స్థానికులు దీపాలదిన్నె అని పిలిచిన ఆ చైత్యానికి ముప్పు తెచ్చినది ఆ గుణమే. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చి పట్టణం కట్టిస్తున్న కాలంలో ఇటుకల కోసం, రాళ్ల కోసం దిబ్బను తవ్వగా శిల్పాలు బయటపడ్డాయి. మొదట వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి వాటిలో ఎన్నో కట్టడాలకు తరలిపోయాయి; మరికొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి.

బట్టీలో వేసిన రాయి కంటే దించిన సున్నం ఎంతో తేలిక. తగ్గిన ఆ బరువు ఏమైందో అప్పటికే స్కాట్లాండ్‌ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాలతో తేల్చాడు. సున్నపురాయి జాతిదే అయిన సుద్దను 120 గ్రెయిన్లు, అంటే దాదాపు 8 గ్రాములు, కాల్చగా 68 గ్రెయిన్ల పొడిసున్నం మిగిలింది. దానిని క్షారద్రావణంలో కలిపి, కడిగి, ఆరబెట్టి తూచితే 118 గ్రెయిన్లు తూగింది. రాతిలో బంధించి ఉన్న ఒక వాయువు వేడికి వెళ్లిపోయిందనీ, క్షారంలోని అదే వాయువు సున్నంలో తిరిగి చేరిందనీ దీనివల్ల రుజువైంది. నేడు దానిని కార్బన్ డయాక్సైడ్ అంటారు. రసాయన చర్యకు ముందున్న పదార్థాల మొత్తం ద్రవ్యరాశి, చర్య తరువాత ఏర్పడిన వాటి మొత్తానికి సమానమనే ద్రవ్యనిత్యత్వ నియమాన్ని 1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ తన గ్రంథంలో స్పష్టంగా ప్రకటించాడు.

ఈ లెక్కను అమరావతి రాతికి అన్వయిస్తే, స్వచ్ఛమైన 100 కిలోల సున్నపురాయి నుంచి 56 కిలోల పొడిసున్నం దిగుతుంది, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. 18 కిలోల నీటితో సున్నాన్ని విరిస్తే 74 కిలోల తడిసున్నమవుతుంది. అది గోడలో ఆరుతూ, గాలి నుంచి 44 కిలోల వాయువును తీసుకొని, 18 కిలోల నీటిని వదిలి, ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ 100 కిలోల సున్నపురాయి పదార్థంగా మారుతుంది. అంటే బట్టీకెక్కిన ఫలకాలలో ఒక్క రవ్వ ద్రవ్యం కూడా నశించలేదు. నశించినది శిల్పి ఉలి ఇచ్చిన రూపం. దానికి తూకం లేదు కనుక ఏ నియమమూ దానిని కాపాడలేదు, మనుషులే కాపాడాలి.

మిగిలిన ఫలకాలలో ఎక్కువ భాగం నేడు అమరావతి, చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉంది. పోయిన వాటిలో కొన్నింటికి మెకంజీ గీయించిన బొమ్మలే ఆధారం.