ఒకే మందు, ఇరువురు రోగులు

 

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము మూత్రపిండములకు వచ్చు క్యాన్సరును గూర్చినది. క్యాన్సరునే మన పూర్వులు రాచపుండనిరి. ఇది వినుటకు ఇంపైన విషయము కాదు. అయినను పొలములు అమ్ముకొనవలసిన నిర్ణయములు ఇట్టి వ్యాధుల వలన మన యిండ్లకు వచ్చుచున్నవి గనుక తెలిసికొనుట మేలు.

కొన్ని సంవత్సరముల క్రిందట నా యొద్దకు ఇరువురు రోగులు వచ్చిరి. ఒకరు బడిపంతులు, మరియొకరు రైతు. ఇరువురకును వయస్సు అరువదికి సమీపము. ఇరువురకును వ్యాధి మూత్రపిండమును దాటి ఊపిరితిత్తులకు ప్రాకినది. ఇరువురకును ఒకే మందు నిచ్చితిమి. ఆరు మాసములకు పంతులుగారి గడ్డలు కరగినవి. రైతుగారి గడ్డలు పెరిగినవి. అప్పుడు రైతుగారి అన్నగారు నన్ను చూచి, "అయ్యా, రెండెకరముల మాగాణి అమ్మి మందు తెచ్చితిమి. పంతులుగారికి పనిచేసినది మా తమ్మునికేల పనిచేయలేదు? మా వలన లోపమేమైన జరిగినదా?" అని యడిగిరి.

వారికి నేను చెప్పిన సమాధానమునే మీకును చెప్పెదను.

మన రక్తములో టి-కణములు గలవు. ఇవి ఊరికి కాపలా కుక్కల వంటివి. రోగక్రిములు సోకిన కణములను, చెడిపోయిన కణములను పసిగట్టి చంపుచుండును. ఇవి మితిమీరి ఇంటివారినే కరవకుండ ప్రకృతి వీని మెడకు ఒక గొలుసు తగిలించినది. దాని పేరు పి.డి.-1. జపాను దేశమున తసుకు హోంజోగారి ప్రయోగశాలలో 1992లో ఇది కనుగొనబడెను. క్యాన్సరు కణము టక్కరి దొంగ. ఆ గొలుసును పట్టి లాగి కుక్కను కదలనీయదు. నివోలుమాబ్ అను మందు ఆ గొలుసును దొంగ చేతికి చిక్కనీయదు. ఇట్టి చికిత్సకు మార్గము చూపినందులకే హోంజోగారికిని, అమెరికా దేశపు జేమ్స్ ఆలిసన్‌గారికిని 2018లో నోబెలు బహుమానము లభించినది. గొలుసు వీడిన కుక్క ఒక్కొక్కప్పుడు ఇంటివారిని కరచుట కలదు. ఈ మందు వలన ప్రేగులు, కాలేయము, ఊపిరితిత్తులు వాచుట అట్టిదే.

2015లో వెలువడిన ఒక పరీక్షలో, ముదిరిన మూత్రపిండ క్యాన్సరు గల 821 మంది పాల్గొనిరి. వీరందరును అంతకుముందు వేరు మందులు వాడినవారే. నివోలుమాబ్ పుచ్చుకొన్నవారిలో నూటికి 25 మందికి గడ్డలు బాగుగా తగ్గినవి. ఎవరోలిమస్ అను మందు పుచ్చుకొన్నవారిలో తగ్గినది నూటికి 5 మందికే. మందు గొప్పదే. అయినను మిగిలిన 75 మంది మాట యేమి?

ఇందులకు ఒక కారణము మన పుట్టుకలోనే యున్నది. గొలుసు విప్పినంత మాత్రమున చాలదు. దొంగ యే యింట నున్నాడో కుక్కకు వాసన తెలియవలెను. మన శరీరములోని ప్రతి కణము ఒక యిల్లనుకొనుడు. లోపల వండిన వంటలో చిటికెడు తీసి గడప ముందర పళ్ళెములో పెట్టును. కుక్క వాసన చూచి, తేడా యున్న యెడల మీద పడును. ఈ పళ్ళెములకే హెచ్.ఎల్.ఏ. అని పేరు. 1958లో పారిసు నగరమున జాన్ దొస్సేగారు వీనిలో మొదటిదానిని వర్ణించిరి. ఒకరి మూత్రపిండమును మరొకరికి అమర్చునపుడు పోల్చి చూచునవి ఇవియే. వీనిని తయారుచేయు జన్యువులు ఆరవ క్రోమోజోములో నున్నవి. ముఖ్యమైన పళ్ళెములు ఎ, బి, సి అని మూడు. తండ్రి నుండి మూడు, తల్లి నుండి మూడు, వెరసి ఆరు. ఒక్కొక్క ఆకృతి పళ్ళెములో ఒక్కొక్క విధమగు తునకయే నిలుచును. క్యాన్సరు తునక నిలువని పళ్ళెములే యున్నచో కుక్కకు వాసన అందదు.

2018లో 1,535 మంది రోగులను పరిశీలింపగా, ఆరు పళ్ళెములు ఆరు విధములుగా నున్నవారు ఇట్టి మందులతో ఎక్కువకాలము జీవించినట్లు కనబడెను. వారిలో అధికులు చర్మపు క్యాన్సరు, ఊపిరితిత్తుల క్యాన్సరు గలవారు. మూత్రపిండ క్యాన్సరు సంగతి 2022లో వెలువడిన మరియొక పరిశోధనలో వచ్చినది. అవెలుమాబ్, యాక్సిటినిబ్ అను మందులు కలిపి పుచ్చుకొన్నవారిలో, ఎ-3 అను రకపు పళ్ళెము గలవారికి ఫలితము తక్కువగా నుండెను. అదే పరీక్షలో సునిటినిబ్ అను వేరు విధపు మందు వాడినవారిలో ఈ భేదము స్పష్టముగా కనబడలేదు. కాబట్టి ఎ-3 వలన వ్యాధియే ముదురునని కాదు, గొలుసు విప్పు మందుతోనే దీనికి పొత్తు గలదని తోచుచున్నది.

అయితే ఇది వందలమందిని కలిపి చూచిన లెక్క. ఒక్క మనిషి నుదుటి వ్రాత కాదు. ఎ-3 గలవారిలోను బాగుపడినవారు కలరు. అందుచేత ఈ యొక్క పరీక్షను బట్టి ఎవరికిని మందు మానిపించుట తగదు.

ఇదంతయు విని అన్నగారు, "మరి నాకును మా తమ్ముని పళ్ళెములేనా?" అనిరి. ఒక తల్లిదండ్రుల బిడ్డలలో ఇరువురకు ఆరును సరిగా కలియుట నాలుగింట ఒక పాలు మాత్రమే. "లోపము మీది కాదు. మీ తల్లిదండ్రులదియు కాదు. ఒక జబ్బున కొరగాని పళ్ళెము మరియొక జబ్బున ప్రాణము కాచును. అందుకే ప్రకృతి ఇన్ని విధములుగా చేసినది" అని చెప్పితిని.

లోపము మరియొక చోట నున్నది. నూటికి 25 అను లెక్కను పొలము అమ్మకముందే వారికి నేను విడమరచి చెప్పవలసియుండెను. చెప్పలేదు. వారు నన్ను నిందింపలేదు గాని నేను మరువలేదు. నాటి నుండి ఏ కుటుంబమునకైనను ముందుగా ఆ లెక్క చెప్పుచున్నాను.

కనుక పెద్దలారా, మీ గ్రామమున ఎవరికైన ఇట్టి అవసరము వచ్చినచో, భూమి పత్రములు తీయకముందే వైద్యుని మూడు మాటలడుగుడు. నూటికి ఎందరికి పనిచేయును? పనిచేయుచున్నదో లేదో ఎన్ని మాసములకు తెలియును? కీడేమి కలుగవచ్చును? అడుగుట అమర్యాద కాదు. మూత్రములో రక్తము కనబడినచో, నొప్పి లేకున్నను ఉపేక్షింపక వెంటనే చూపించుకొనుడు. చుట్ట, బీడి మానుడు. రక్తపుపోటును అదుపులో నుంచుకొనుడు. తల్లిదండ్రులిచ్చిన పళ్ళెములను మార్చుకొనలేము గాని, ఇవి మన చేతిలోనివే.